బావగారికి సరిపోని కాయ

మా బావగారు ఒబురాకు చిన్నదంటే గిట్టదు. చిన్న పడవ గిట్టదు, చిన్న చేప గిట్టదు, చిన్న మాట అసలే గిట్టదు. చిన్న కప్పులో టీ పోసిస్తే తాగకుండా అందులోకి తొంగిచూసి, "ఎవరి కన్నీళ్లు పట్టి తెచ్చావమ్మా ఇందులో?" అని అడిగేవారు. కొత్తకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజే నేను ఆ మాట పడ్డాను. మర్నాటి నుంచి ఆయనకు చెంబుతోనే పోశాను.

దేవుడు ఆయన్ని కొలత చూసుకోకుండా చేసినట్టున్నాడు. ఏ ఇంటికెళ్లినా గుమ్మం ముందు నడుం వంచాల్సిందే. పడుకుంటే కాళ్లు మంచం దాటి గాల్లో వేలాడేవి. అందుకని అపొండి అక్క రోజూ మంచం చివర ఒక గంప బోర్లించి, దాని మీద ఆ కాళ్లు పెట్టించేది. అపొండి ఆయన భార్య, నాకు తోడికోడలు. ఆయన భుజం ఎత్తు కూడా ఉండదు. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను.

మా సరస్సు ఒడ్డున మగవాళ్లకు తమను తాము పొగుడుకోవడం సిగ్గుపడే పని కాదు. కల్లు కుండ చుట్టూ చేరి, పొడుగాటి గొట్టాలతో పీలుస్తూ, వాయించేవాణ్ణి చెయ్యెత్తి ఆపి, ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకోవాలి. మా ఆయన ఒసేవె లేచి, "నేను ఒసేవెని, ఒబురా తమ్ముణ్ణి" అని చెప్పి కూర్చునేవాడు. అన్నగారు లేచారంటే మాత్రం వాయించేవాడు వాయిద్యం పక్కన పెట్టి, ఇంటికెళ్లి భోంచేసి రావచ్చు.

"నేను ఒబురాని! సరస్సుకు అల్లుణ్ణి! నేనొస్తున్నానంటే అలలు లేచి నాకు పీట వేస్తాయి! తుఫాను నా దగ్గరికొచ్చి దారి అడుగుతుంది! నేను దిగితే సరస్సు పొంగుతుంది, ఎక్కితే ఎండిపోతుంది!"

"ఎండిపోతే చేపలెక్కడ పడతావురా?" అనేది మా అత్త, కూర్చున్న చోటి నుంచే.

"అవే నడిచొస్తాయే అమ్మా!"

అందరూ నవ్వేవాళ్లు. అపొండి అక్క నవ్వేది కాదు. తలొంచుకుని చేపల పులుసు కలుపుకుంటూ ఉండేది. ఇంత గొప్ప మొగుణ్ణి పెట్టుకుని ఈవిడకు మురిపెం లేదేమిటా అని నాకు ఒళ్లు మండేది.

ఇక చెట్టు సంగతి చెప్పాలి. మా ఇంటి జెముడు కంచె బయట, సరస్సుకు దిగే దారి పక్కన ఒక యాగో చెట్టు ఉంది. దాని కాయలు తాళ్లకు కట్టిన రోకళ్లలా కొమ్మల నుంచి వేలాడుతుంటాయి. పచ్చిది తింటే మనిషి పని అంతటితో సరి. కానీ తినడం తప్ప ఆ చెట్టుతో మాకు కానిపని లేదు. కాయను ముక్కలుగా కోసి ఎండబెట్టి వేస్తే జొన్నకల్లు బాగా పులుస్తుంది. ఎండు కాయ పొడిని నెయ్యిలో కలిపి పుండ్లకు, పిల్లల గజ్జికి రాస్తాం. బాలింతకు రొమ్ము గడ్డకడితే గుజ్జు పట్టీ వేస్తాం. కడుపు కదిలితే బెరడు కషాయం. తెడ్లు ఆ కర్రతోనే చెక్కుతారు. రాలిన పువ్వులు మేకలకు పండగ. ఆడపిల్లలు లేత కాయలకు గుడ్డపేలికలు చుట్టి, వీపున కట్టుకుని, పాలు తాగడం లేదని వాటిని తిడుతూ తిరుగుతారు. నీడ ఒక్కటే ఎవరికీ పనికిరాదు. కాయ నెత్తిన పడితే ఆ తర్వాత కషాయం తాగడానికి మనిషి మిగలడు కాబట్టి ఎవరూ దాని కింద కూర్చోరు.

ఇంకో పని కూడా ఉంది. నీళ్లల్లో పోయిన మనిషి శవం దొరక్కపోతే, అతనికి బదులు యాగో కాయను పాతిపెడతాం. లేకపోతే పోయినవాడు తన ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంటాడు. మా ఇంటి పెద్దల పద్ధతిలో రెండు నియమాలున్నాయి. కాయ ఆ మనిషి తీరుగా ఉండాలి, పొడుగు మనిషికి పొడుగు కాయ. దాన్ని అతని సొంత దుప్పట్లోనే చుట్టాలి. అప్పుడే అతను వచ్చి అందులో కుదురుకుంటాడు. మట్టి కప్పాక ఇక అతను పోయినట్టే.

ఒక ఏడు పెద్ద వానలప్పుడు బావగారు ఒంటరిగా వల వెయ్యడానికి వెళ్లారు. ఆకాశం నల్లబడుతోంది, వద్దని మా ఆయన పడవ తాడు పట్టుకుని మరీ చెప్పాడు. "తుఫానుకి దారి తెలీక నాకోసం చూస్తుందిరా, వెళ్లకపోతే ఎలా?" అని నవ్వుతూ వెళ్లారు. ఆ తర్వాత పడవ బోర్లాపడి ఒడ్డుకొచ్చింది. ఒక తెడ్డు వచ్చింది. టోపీ వచ్చింది. మనిషి రాలేదు. ఊరి పడవలన్నీ వెతికాయి. అపొండి అక్క రోజూ ఒడ్డుకెళ్లి, రెల్లు పక్కన నిలబడి, చూసి చూసి వచ్చేది. ఏడ్చేది కాదు. వానలు వెనకబట్టేదాకా అలాగే ఎదురుచూశాం.

చివరికి ఒగాలో పెద్దమావగారు వచ్చి కూర్చున్నారు. ఆయన మా మావగారికి అన్న. మా మావగారు పోయాక ఇంటికి పెద్ద ఆయనే. మర్యాదలూ పద్ధతులూ అన్నీ ఆయన చేతికర్ర చివర ఉంటాయి, ఒకసారి నేలకు పొడిచారంటే ఇక తిరుగులేదు.

"కాయ కొయ్యండి," అని పొడిచారు.

మా ఆయన చెట్టెక్కి, ఉన్నవాటిలోకల్లా పెద్దది చూసి, తాడుకట్టి దింపాడు. పొడుగ్గా, బరువుగా, నునుపుగా ఎంత ముచ్చటగా ఉందో! బావగారు చూసుంటే రొమ్ము విరుచుకునేవారు. అంతలో అపొండి అక్క వచ్చింది. దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "అది కాదు," అంది. చెట్టు చుట్టూ తిరిగి, గడ్డిలో పడి ఉన్న ఒక వంకర కాయను తీసింది. మూరెడు కూడా లేదు. ఒక పక్క మేక నాకి వదిలేసినట్టుంది.

"అక్కా, ఇదేంటే? బావగారి మోకాలంత లేదు," అన్నాను.

"నాకు నచ్చింది."

విధవ మాట కాదనకూడదు. మా ఆయన నావంక చూశాడు, నేను అత్తవంక చూశాను, అత్త ఏడుపు మధ్యలో ఒక్క క్షణం ఆగి ఆ కాయవంక చూసి, మళ్లీ ఏడుపు అందుకుంది. అక్క కాయను ఇంట్లోకి తీసుకెళ్లి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి దాన్ని చాపలో చుట్టి, తాళ్లతో గట్టిగా కట్టేసింది.

"లోపల వాడి దుప్పటి చుట్టావామ్మా?" అని పెద్దమావగారు అడిగారు.

అక్క తల ఊపింది. ఎటువైపు ఊపిందో ఎవరూ గమనించలేదు. పెద్దమావగారి చూపు అప్పటికే కట్టుగొయ్య దగ్గరున్న ఎద్దు మీద ఉంది.

ఇంటికి కుడివైపున గొయ్యి తవ్వి పాతిపెట్టాం. గుండ్లు గీయించుకున్నాం. మగవాళ్లు మందను తోలుకుంటూ, ఈటెలు విసురుతూ, అరుపులతో చావును సరస్సు దాకా తరిమి వచ్చారు. బావగారికి ప్రాణప్రదమైన నల్ల ఎద్దును కోసి ఊరందరికీ పెట్టారు. అపొండి అక్క పద్ధతి ప్రకారం మొగుడి కోటు వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. దాని చేతులు మోకాళ్ల దాకా వేలాడేవి. మనిషి కనిపించేది కాదు, కోటు ఒక్కటే వాకిలి ఊడ్చుకుంటున్నట్టుండేది.

ఊరి ఆడవాళ్లు నీళ్ల దగ్గర చెవులు కొరుక్కున్నారు. అంతటి మనిషికి అంత కాయేమిటి, బతికుండగా ఏం కాల్చుకు తిన్నాడో ఏమో అని. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పైగా అక్క మంచం చివర ఆ గంప ఇంకా బోర్లించే ఉంది. చేపలు ఎండబెట్టడానికి గంపలు చాలడం లేదు, అదివ్వమని అడిగాను.

"అక్కడ ఉండనీ," అంది.

"ఎవరి కాళ్లకి?"

అక్క చీపురు అందుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది. మొగుడికి పెద్ద కాయ ఇవ్వడానికి చేతులు రాలేదు కానీ పాత గంప మీద మాత్రం ఎంత ప్రేమో అని మా ఆయనతో అన్నాను.

అదే ఏడు, రెండోసారి పడే చిన్న వానలకు ముందు ఒక మిట్టమధ్యాహ్నం, నేను కంచె బయట ఒమెనా చేపలు ఎండబెడుతున్నాను. సన్నటి చేపలు, కాకులు ఎత్తుకుపోతాయి, కళ్లు తిప్పుకోవడానికి లేదు. దారి మీంచి ఎవరో కర్ర పొడుచుకుంటూ వస్తున్న చప్పుడైంది. మా కుక్క లేచి, చెవులు నిక్కించి, ఒక్క పరుగున వెళ్లి ఆ మనిషి కాళ్ల మీద పడి మూలుగుతూ దొర్లింది. కుక్కకు ఎవరూ చావు కబురు చెప్పలేదు కదా.

"న్యాసక్వా!" అని పిలుపు. సక్వా మా పుట్టింటివైపు, న్యాసక్వా అంటే సక్వా పిల్ల. ఆ పేరుతోనే అందరూ నన్ను పిలుస్తారు. కానీ అంత గొంతుతో పిలిచేది ఒక్కరే. "తల్లీ, ఒక చెంబుడు నీళ్లియ్యి! కన్నీళ్లు పట్టి తేకు, నీళ్లు!"

నేను చేపల మీదే కూలబడ్డాను. ఆ తర్వాత నేను పెట్టిన కేక అవతలి ఒడ్డున వినపడిందని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. 

జనం పోగయ్యేసరికి ఒగాలో పెద్దమావగారు వచ్చి కంచె వాకిట్లో కర్ర అడ్డంపెట్టి నిలబడ్డారు.

"ఆగు. అక్కడే ఆగు."

"పెదనాన్నా, నేను!"

"నువ్వని తెలుసు. నువ్వు కాబట్టే ఆగమంటున్నా. నువ్వు చచ్చిపోయావురా."

"ఎప్పుడు?"

"పెద్ద వానలప్పుడు."

"నాకెవరూ చెప్పలేదే!"

తుఫాను ఆయన్ని ఎక్కడో దూరాన ఒక దీవి రాళ్ల మీదికి విసిరిందట. కాలు విరిగింది. అక్కడివాళ్లు తీసుకెళ్లి కట్టుకట్టి, కాలు కూడేదాకా తిండిపెట్టారు. "మంచోళ్లే పెదనాన్నా, కానీ వాళ్ల భాష నాకు రాదు, నా గొప్ప వాళ్లకి అర్థం కాదు. అంతకంటే నరకం ఉంటుందా? వలలు కుట్టుకుంటూ నోరు మూసుకుని కూర్చున్నా. చేపల పడవ ఒకటి ఇటొస్తుంటే ఎక్కి వచ్చా. సరే, కథలు తర్వాత. జరుగు, ఆకలేస్తంది."

పెద్దమావగారు జరగలేదు. "నిన్ను పాతిపెట్టాం. గుండ్లు గీయించుకున్నాం. చావుని తరిమాం. ఎద్దుని కోశాం."

"ఏ ఎద్దుని?"

"నల్లదాన్ని."

బావగారి మొహంలో రంగు మారింది. విరిగిన కాలు గురించి చెప్పినప్పుడు కూడా అంత బాధ కనపడలేదు. "నా నల్లెద్దునా? నా చావుకి నా ఎద్దునే కోస్తారా? నన్నొక మాట అడగొద్దూ?"

"మెత్తగా ఉందిరా," అన్నారు పెద్దమావగారు, ఊరడించడానికి.

నవ్వు వచ్చే మాటే కానీ అక్కడెవరూ నవ్వలేదు. ఎందుకంటే విషయం అందరికీ తెలుసు. పాతిపెట్టిన మనిషి తిరిగొచ్చి ఇంట్లో అడుగుపెడితే ఆ గొయ్యి ఊరుకోదు, తనకివ్వాల్సినవాడికి బదులు ఆ ఇంట్లో ఇంకొకరిని అడుగుతుంది. నా పిల్లలు నా కొంగు వెనకే ఉన్నారు. బావగారు బతికొచ్చారని గుండె ఎగిరిపడుతోంది, లోపలికి వస్తారేమోనని అదే గుండె దడదడలాడుతోంది. రెండూ నిజమే.

"ఒక దారుంది," అన్నారు పెద్దమావగారు. "వెనక కంచెలో కన్నం చేస్తాం. కొత్తమనిషిలా, కొత్త పేరుతో అందులోంచి రా. చుట్టంలా ఉండు. ఆ ఇల్లు నీది కాదు, ఆవిడ నీ పెళ్లాం కాదు. ఒప్పుకుంటే సరే. లేదంటే వేరే ఊరు చూసుకో."

"నా ఇంట్లోకి నేను కుక్కలా కన్నం దూరి రావాలా? ఒబురా పడతాడా కన్నంలో?" అని బావగారు కంచె మీంచి లోపలికి చూశారు. ఆయనకు ఆ ఎత్తు సమస్య కాదు. "అపొండి ఏది?"

అక్క ఇంటి తలుపు మూసి ఉంది. అత్త మాత్రం తన గుమ్మం పట్టుకుని నిలబడి ఏడుస్తోంది.

"విధవ చచ్చినవాడితో మాట్లాడకూడదు," అన్నారు పెద్దమావగారు.

"తొంగి కూడా చూడకూడదా?"

బావగారు కుంటుకుంటూ వెళ్లి యాగో చెట్టు కింద, సరిగ్గా కాయల కింద కూర్చున్నారు. "ఎలాగూ చచ్చినోణ్ణే కదా, ఎక్కడ కూర్చుంటే ఏం!" అని అరిచారు. నేను సంకటీ, చేపల పులుసూ తెచ్చి ఒక రాయి మీద పెట్టి దూరం జరిగాను. అంత కోపంలోనూ సంకటి ముద్ద చూసి, "ఇదేంటి తల్లీ, పిట్టలకి పెడుతున్నావా?" అన్నారు. నాకు ఏడుపాగలేదు. ఆ మాట కోసం ఎంత మొహం వాచిపోయానో అప్పుడు తెలిసింది.

సగం తిన్నారో లేదో, పైనుంచి ఒక కాయ ధబ్బుమని ఆయన పక్కన జానెడు దూరంలో పడింది. అందరం కెవ్వుమన్నాం. ఆయన మాత్రం దాన్ని లేవనెత్తి, కాలికి ఆనించి కొలుచుకుని, మురిసిపోయారు.

"అదీ! చెట్టుకు తెలుసు ఒబురా అంటే ఏంటో! నాకేసిన కాయ ఇంతది ఉందా? ఇంతకంటే పెద్దదా?"

నా నోరు ఊరుకోదు. ఎప్పుడూ ఊరుకోలేదు. "అంత లేదు బావగారూ. ఇదిగో, ఇంత," అని మోచెయ్యి చూపించాను.

"మూరెడా?"

"మూరెడు కూడా లేదు. వంకరది."

"ఎవడేశాడు? ఒసేవె! నువ్వేనా? ఒబురాకి మూరెడు కాయా! నా తెడ్డు పిడి అంతకంటే పొడుగుంటుంది! ఊరందరి ముందు నన్ను మూరెడు కాయ చేసి పాతారా? పరువుండొద్దూ? నా ఎద్దు తిన్నారు, పోనీ, కాయ ఏం పాపం చేసింది? చెట్టు మీద లేవా?"

"నేను పెద్దదే కోశాను అన్నయ్యా," అన్నాడు మా ఆయన మెల్లగా. "వదినే వద్దంది. ఆ కాయ వదిన ఏరిందే."

బావగారి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత మూతపడింది. చేతిలోని కాయను గడ్డిలో పెట్టారు. సంకటి ముద్దను పక్కకు నెట్టారు. ఆయన అన్నం సగంలో వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు.

"అపొండి ఏరిందా," అన్నారు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని మాకెవరికీ తెలియదు. "అంటే దానికి నేను అంతేనన్నమాట."

కర్ర ఊతంగా లేచారు. "ఆ చేపల పడవ ఇంకా ఒడ్డునే ఉండుంటుంది. అమ్మని జాగ్రత్తగా చూసుకోండి," అని దారి పట్టారు. మా ఆయన ఏడుస్తున్నాడు. పెద్దమావగారు నేలవంక చూస్తున్నారు కానీ కర్ర తియ్యలేదు. నేను పిలుద్దామని నోరు తెరిస్తే, ఇన్నేళ్లలో మొదటిసారి మాట రాలేదు.

"చచ్చినోడా! మళ్లీ ఎక్కడికి పోతున్నావు?"

ఎవరి గొంతో నాకు అర్థం కాలేదు. అపొండి అక్క తలుపు తీసుకుని వస్తోంది. గుండు మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి. ఒంటి మీద ఆ కోటు, దాని చేతులు మోకాళ్ల దగ్గర ఊగుతున్నాయి. చంకలో ఒక దుప్పటి. ఎర్రచారల దుప్పటి, బావగారిది.

కంచె వాకిట్లో పెద్దమావగారి కర్రకు ఇవతలే ఆగి, ఆ దుప్పటిని ఆయన ముందు దులిపి పరిచింది.

"మావయ్యా, ఇదేంటో చూడు."

పెద్దమావగారు వంగి చూశారు. "వాడి దుప్పటి. ఇది గోతిలో ఉండాలి కదే!"

"లేదు. నా తలకింద ఉంది. గోతిలో ఉన్నది పిండి సంచి. కాయ ఆయన కొలత కాదు, గుడ్డ ఆయనది కాదు. మీ పద్ధతి నువ్వే చెప్పు, అందులో ఆయన ఎలా కుదురుకుంటాడు?"

"తల ఊపావు కదే అప్పుడు!"

"అడ్డంగా ఊపాను. నువ్వు ఎద్దుని చూస్తున్నావు."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అక్క వాకిలి దాటకుండానే మొగుడివైపు తిరిగింది. కోటు చేతులు పైకి లాక్కుని, వేలు చూపించి మరీ తిట్టింది.

"నీ కొలత నాకు తెలీదనుకున్నావా? రోజూ నీ కాళ్లకింద గంప పెట్టింది ఎవరు? పెద్ద కాయ తెచ్చారు, చూశాను. అచ్చం నీలాగే ఉంది. దాన్ని పాతితే నువ్వొచ్చి అందులో పడుకుంటావు, ఇక లేవవు. నేను పాతనిస్తానా? ఏడవమన్నారు, ఏడ్చాను. గుండు గీశారు, గీయించుకున్నాను. నిన్ను మాత్రం పాతలేదు. నువ్వు దూరలేని కాయ చూసి ఏరాను. ఈ కొంపలోకి రావడానికి నీకో దారి ఉంచాను. అంత చేస్తే, కాయ చిన్నదని అలిగి పోతావా? వెళ్లు! వెళ్లి తుఫానుకి దారి చెప్పుకో!"

ఆ ఇంట్లో నేను అడుగుపెట్టిన నాటి నుంచి ఆవిడ మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత ఉండవు. బావగారు దారి మధ్యలో నిలబడిపోయారు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఈసారి చిన్న కప్పు సరిపోదు, చెంబే కావాలి.

పెద్దమావగారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. తవ్వి చూడాల్సిందే అన్నారు. మా ఆయన తవ్వాడు. చాప చివికిపోయింది. కిందనుంచి పిండి సంచి బయటపడింది, దాని మీద పిండిమర గుర్తు ఇంకా ఉంది. సంచి చినుగుల్లోంచి మొలకలు తలలు బయటపెట్టాయి. కాయలో మిగిలినంత ముక్కను పెద్దమావగారు తీసుకెళ్లి బావగారి చేతి పక్కన పెట్టి, మోకాలి పక్కన పెట్టి, చివరికి పాదం పక్కన కూడా పెట్టి చూశారు. ఎక్కడా కుదరలేదు.

"ఇందులో ఉన్నది ఒబురా కాదు," అని కర్ర పొడిచారు. "కాయ. కాయని పాతాం, మొక్క వచ్చింది. ఈ గొయ్యికి ఎవరూ బాకీ లేరు." గోతిలోకి మరోసారి తొంగిచూశారు. "మరి మనం ఇన్నాళ్లూ ఎవరికోసం ఏడ్చినట్టు?"

"కాయ కోసం," అంది మా అత్త గుమ్మంలోంచి. "ఎద్దుని మాత్రం నిజంగానే తిన్నావు."

అప్పుడు తెలిసింది, ఆ దుప్పటి సంగతి అత్తకు మొదటినుంచీ తెలుసని. కోడలి తలకింద రోజూ చూస్తూనే ఉందట. గంప అడిగి నన్ను నేను వెర్రిదాన్ని చేసుకుంటుంటే ఇద్దరూ నోరు విప్పలేదు. దానికి ఇప్పటికీ నాకు కోపమే.

బావగారు కంచె వాకిట్లోంచే వచ్చారు. గుమ్మం దగ్గర నడుం వంచి లోపలికి వెళ్లారు. అక్క కోటు విప్పి ఆయన భుజాన వేసింది. ఆ మొలకల్లో ఒకదాన్ని ఆయనే తీసుకెళ్లి కంచె బయట పాత చెట్టుకు ఎదురుగా నాటారు. కుండతో నీళ్లు పోస్తూ, "తాగవే, నా గొయ్యిలోంచి నన్ను గెంటినదానివి," అని దాంతో మాట్లాడేవారు.

ఆ తర్వాత వచ్చిన కల్లు కుండ దగ్గర ఊరంతా పోగైంది. చచ్చి వచ్చినవాడు ఎంత పెద్ద గొప్ప చెబుతాడోనని వాయించేవాడు ముందే భోంచేసి వచ్చాడు. బావగారు లేచారు. చెయ్యెత్తారు.

"నేను ఒబురాని. అపొండి మొగుణ్ణి," అని కూర్చున్నారు.

అక్క పులుసు కలుపుతూ తలెత్తలేదు. కానీ నవ్వింది, నేను చూశాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. గొప్పలు మానేశారనుకోకండి, రెండోరోజుకే సరస్సుకు మళ్లీ అల్లుడయ్యారు. కుంటికాలితోనే పడవలు నడిపారు, మా మనవలను భుజాలకెత్తుకుని వాళ్ల చేత ఆకాశం తడిమించారు. ఆయన నాటిన చెట్టు కాపుకొచ్చింది. దాని కాయలు తెచ్చి నా కోడలి రొమ్ముకు పట్టీ వేశాను. కిందటేడు చిన్న వానలప్పుడు, మంచం మీద, గంప మీద కాళ్లు చాపుకుని నిద్రలోనే పోయారు. ఈసారి కాయతో పనిపడలేదు.

ఇంటికి కుడివైపున కుర్రాళ్లు గొయ్యి తవ్వారు. మా ఆయన తాడుతో కొలిచి సరిపోతుందన్నాడు. అపొండి అక్క వచ్చి గట్టు మీద నిలబడింది. ముసలిదైపోయింది, ఇంకా చిన్నదైపోయింది. మళ్లీ ఆ కోటు వేసుకుంది. చంకలో ఎర్రచారల దుప్పటి ఉంది. గోతిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది.

"ఇంకొంచెం తవ్వండి నాయనా," అంది. "కాళ్లు ముడుచుకోవాల్సి వస్తుంది. ఈసారి ఆయనకి సరిపోవాలి."